రాణిగారి మొగుడూ సముద్రపు తలుపూ

బహుళ పంచమి

ఈ ఊళ్లో తిథులు ఎవరికీ తెలీవు. వీళ్లు రోజులకి నీళ్ల పేర్లు పెట్టుకుంటారు. మా నాన్న వల భుజాన వేసుకుని నేర్పిన లెక్క తప్ప నాకు ఇంకో లెక్క రాదు, అందుకని అదే రాస్తున్నా. ఈ గోడల లోపల తెలుగు చదవగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఎవణ్ణి ఏమన్నా పరవాలేదు.

సాయంత్రాలు పని లేక రాస్తున్నాను. పని ఎందుకు లేదంటే నన్ను తలుపు దగ్గరికి రానివ్వడం లేదు. ఎందుకు రానివ్వడం లేదంటే మోరుగ సాంబ్రాణి భరిణెలో ఎండు నెత్తళ్ల పొడి కలిపింది నేనే కాబట్టి.

మోరుగ ఇక్కడి సభకి పెద్ద. డెబ్బై దాటిన ముసలమ్మ, నవ్వితే పన్ను ఊడుతుందేమోనని భయం ఉన్నట్టు ఉంటుంది. సభ మొదలయ్యే ముందు భరిణె తీసి నిప్పుల మీద చిటికెడు వేసింది. హాలంతా చేపల బజారు వాసన కొట్టింది. ఒక సభ్యుడు ముక్కు మూసుకుని బయటికి పరిగెత్తాడు. మా ఆవిడ సభలో నవ్వకూడదు, కింది పెదవి పంటి కింద పెట్టి నొక్కుకుంది. మోరుగ మాత్రం నన్నే చూసింది.

"అమావాస్య వచ్చేదాకా ఈ మనిషి తలుపు గడప తొక్కకూడదు" అంది.

"చిత్తం, నాకూ కాస్త విశ్రాంతి" అన్నాను. నా నోరు అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను, "పొడి ఇంకా కావాలంటే ఉందండీ" అని కూడా అన్నాను.

మా ఆవిడ రాణి. పేరు ఇనాలె. ఈ తవారి అనేది సముద్రం మధ్యలో దింపిన పెద్ద బిందె లాంటి ఊరు. చుట్టూ గోడ, గోడకి ఒకటే తలుపు. నీళ్లు దిగినప్పుడు తెరుచుకుంటే పడవలు వెళ్లొస్తాయి. దీపాల వేళకి మూసుకోవాలి. పెద్ద పోటు వచ్చిన రోజున బయట నీళ్లు లోపలి డాబాల కన్నా ఎత్తున నిలబడతాయి.

ఆ తలుపు ఆజ్ఞలు వినదు. ఆజ్ఞ వినే తలుపైతే ఎవడో రాణి మెడ మీద కత్తి పెట్టి తెరిపిస్తాడని, కట్టినవాళ్లు దానికి ఆజ్ఞలు నేర్పలేదట. కబుర్లు నేర్పారు. రోజూ సాయంత్రం రాణి దాని ముందు కూచుని ఏం తిన్నదీ, ఎవర్ని కసిరిందీ, నడుం ఎక్కడ పట్టేసిందీ చెప్పాలి. ఈవిడ ఈవిడే, స్థిమితంగానే ఉంది అని నమ్మకం కుదిరితే అది మూసుకుంటుంది. ఆ కబుర్లు ఇంకెవరి చెవినా పడకూడదు. నా చెవిన పడొచ్చు. నీళ్ల మీద వచ్చినవాణ్ణి వీళ్ల చట్టం మనిషి కింద జమకట్టదు. రాణి ఈ ఊళ్లో ఏ ఇంటివాణ్ణి చేసుకున్నా ఆ ఇంటికి బలం వస్తుందని బయటివాణ్ణే చేసుకుంటుంది. పంపు మోటార్లు బాగుచేసే పడవ మీద కూలికొచ్చిన నేను, సూరాడ దానయ్యని, అలా రాణిగారి మొగుణ్ణయ్యాను. ఆవిడ దానా అని పిలుస్తుంది.

పదేళ్ల పైనుంచీ ఆవిడ తలుపుకి కబుర్లు చెప్తుంటే నేను పక్కన చాప మీద చతికిలబడి తెలుగులో సణుగుతూ ఉన్నాను. బయట అందరితోనూ వీళ్ల భాషే, నా తెలుగంతా తలుపులు వేసిన ఆ గదిలోనే. ఆవిడకి తెలుగు ముక్క రాదు. నేర్చుకోవే అంటే, "తలుపుతో మాట్లాడ్డానికే నా నోరు చాలడం లేదు" అంది.

ఇవాళ తిరిగొచ్చి చెప్పులు విప్పకుండా కూచుంది.

"ఏమైంది?"

"వేలెడు సందు ఉండిపోయింది" అంది.

"తుప్పు పట్టి ఉంటుంది" అన్నాను.


బహుళ సప్తమి

రాణి మొగుడి పనులు చెప్తే మా ఊళ్లో నవ్విపోతారు. పొద్దున్నే ఆవిడ తలకి నూనె రాయాలి. గోళ్లు తీయాలి. రాణి ఒంటి మీద ఇనుము తాకించే హక్కు ఈ ఊరివాళ్లకి లేదు, నాకుంది, మనిషిని కాను కదా. తర్వాత మొగుళ్ల బొమ్మలున్న వరండాలో దీపాలు తుడవాలి.

ఆ వరండాలో ఇప్పటిదాకా పోయిన రాణుల మొగుళ్లందరి బొమ్మలూ ఉన్నాయి. ఒక బొమ్మకి నోటి మీద గుడ్డ కట్టి ఉంటుంది. గుడ్డతోనే గీశారు. ఆ పెద్దమనిషికి ఈల వేసే అలవాటు ఉండేదట. తలుపు ఒకరోజు ఆ ఈలకి కదిలింది. బయటివాడి గొంతు తలుపుకి తెలియకూడదు, అది చట్టం. పట్టుకుని ఏదో కషాయం పోశారు. ప్రాణం పోలేదు, గొంతు పోయింది. ముసలితనం వచ్చేదాకా బతికాడు, ఒక్క మాట లేకుండా. నేను రోజూ దీపం తుడుస్తూ, "ఏం బావా, పొద్దున్నే ఏమీ అనవేం" అని పలకరిస్తుంటాను.

ఇవాళ పలకరించబుద్ధి కాలేదు.

సందు బెత్తెడు అయింది. మనుషులు దిగి గొలుసులు చూశారు. గొలుసుల గొయ్యి గడపకి బయటే కాబట్టి నేనూ దిగాను. ఎంతైనా మోటార్ల పని చేసినవాణ్ణి. పళ్లచక్రాలు కొత్తగా ఉన్నాయి, గొలుసు నూనెలో మెరుస్తోంది, మధ్యలో చెక్కముక్క కూడా ఇరుక్కోలేదు. పాడైన యంత్రాన్ని చూస్తే నాకు భయం వేయదు. ఏ లోపమూ లేకుండా మొరాయించేదాన్ని చూస్తే చెమట పట్టింది.

పైకొచ్చేసరికి మోరుగ నిలబడి ఉంది.

"దానికి జబ్బు లేదు కదూ" అంది.

"లేదు."

"అయితే అనుమానం ఉంది."

ఎవరి మీద అని నేను అడగలేదు. మా ఆవిడ చెల్లెలు సిఫానెకి అప్పుడే రాణి బట్టల కొలతలు తీస్తున్నారని వంటింట్లో విన్నాను. తలుపు కాదన్న రాణిని ఏం చేస్తారో ఈ ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. మొగుడితో సహా ఒక పడవ ఎక్కించి, తలుపు బయట వదిలి, కొత్త రాణితో తలుపు వేయిస్తారు. తెడ్లు ఇవ్వరు.


బహుళ నవమి

పల్లపు వీధికి వెళ్లొచ్చాను. చీలమండ దాకా నీళ్లున్నాయి. చేపలమ్మే గాబ్రె తన బియ్యం మూటలు అటక మీదికి ఎక్కిస్తోంది. ఆవిడకీ నాకూ పాత స్నేహం. ఆ నెత్తళ్లు ఆవిడ దగ్గర కొన్నవే.

"రండి రాణిమొగుడుగారూ. మీ కోటలో కాళ్లు తడిశాయా?"

"ఇంకా లేదు."

"మాకు తడిశాయి. అమావాస్య నాటికి పీకల దాకా వస్తాయి. మీ ఆవిడతో చెప్పండి, తలుపుతో కాస్త ప్రేమగా మాట్లాడమని."

"నాతోనే మాట్లాడదు ప్రేమగా."

గాబ్రె నవ్వలేదు. మూట నా చేతికి అందించింది, నేను అటక మీద పెట్టాను. "మా నాన్నమ్మ చెప్పేది" అంది, "మనసులో పెట్టుకున్న మనిషి మాట తలుపు వినదని. రాణిగారికి ఏం దిగులు?"

"నేనున్నాను కదా, అంతకన్నా దిగులేం కావాలి."

"మీరు ఎప్పటినుంచో ఉన్నారు కదండీ" అంది గాబ్రె, ఇంకో మూట ఎత్తుతూ.

ఆ మాటకి నా చేతిలో మూట జారింది. నిజమే. రాణి మారలేదు. ఆవిడ తినే గంజి మారలేదు. గొలుసు మారలేదు. ఆ గదిలో మారిందల్లా చాప మీద కూచుని సణిగేవాడు లేకపోవడమే.

తిరిగొస్తుంటే ఆ కషాయమే గుర్తొచ్చింది. నాకు భయం వేస్తే నోరు ఎక్కువవుతుంది, అందరితోనూ ఏదో ఒకటి వాగుతూ నడిచాను. వరండాలో గుడ్డ కట్టిన బొమ్మ దగ్గర మాత్రం గోడ వైపు తిరిగి నడిచాను.


బహుళ ఏకాదశి

చూసి తీరాలి అనిపించింది. అనిపించకపోయినా బాగుండేది.

తలుపు చెవి అంటే గదిలో ఉన్న ఇత్తడి జల్లెడ. దాని వెనక గొట్టం గోడ వెంబడి కిందికి దిగి, మురుగు మెట్ల దగ్గర ఒక మూత కింద తేలుతుంది. ఇలాంటివి మోటార్లవాడికి కనపడతాయి, మంత్రులకి కనపడవు. సాయంత్రం అక్కడికి దిగి మూత ఎత్తి చెవి పెట్టాను. మా ఆవిడ గొంతు వినపడింది, బావిలోంచి వచ్చినట్టు.

"పొద్దున్న గంజి తాగాను. ఎవర్నీ కసరలేదు. నడుం బాగానే ఉంది" అంటోంది. బడిలో పాఠం అప్పజెప్పినట్టు ఉంది.

తలుపు కదల్లేదు. ఆవిడ మళ్లీ మొదట్నించీ చెప్పింది. నేను గొట్టంలో నోరు పెట్టి, రోజూ అనేలాంటిదే అన్నాను. "అయిందా పురాణం? గంజిలో ఉప్పు వేయించుకోవడం చేతకాదు గానీ సముద్రానికి గొళ్లెం పెడుతుందట మహాతల్లి. ఏడిసినట్టుంది నీ రాజ్యం. లే, నడుం పట్టేస్తుంది."

తర్వాత గోడంతా వణికింది. గొలుసు తిరిగిన చప్పుడు నా పళ్లలోకి వచ్చింది. తలుపు పూర్తిగా మూసుకుంది.

ఊరంతా కేకలు, ఈలలు. పల్లపు వీధిలో డప్పులు. నేను మురుగు మెట్ల మీద కూలబడి చేత్తో నోరు మూసుకున్నాను.

పైనుంచి మోరుగ గొంతు వినపడింది. "ఎవరది కింద?"

ముక్కు మూసుకుని మెట్ల కిందికి దూరాను. మురుగులో ఒక ఎండ్రకాయ నా బొటనవేలు పట్టుకుంది. అరవలేదు. నా జీవితంలో అరవకుండా ఉన్నది అదే మొదటిసారి. మోరుగ చాలాసేపు అక్కడే నిలబడి, తర్వాత కర్ర తాటించుకుంటూ వెళ్లిపోయింది.


బహుళ త్రయోదశి

ఆ మర్నాడే మురుగు మెట్ల దగ్గర కాపలా పెట్టారు. ఇద్దరు, బల్లేలతో. మర్యాద కోసమట. నిన్నా ఇవాళా నేను అటు పోలేదు, తలుపు మూసుకోలేదు. ఇప్పుడు జానెడు.

ఇవాళ సభలో మోరుగ చదివి వినిపించింది. అమావాస్య సాయంత్రం రాణి తలుపుతో అందరి ముందూ మాట్లాడాలి. తలుపు అనుమానపడ్డప్పుడు దాచడం కుదరదట. రాణికి మూసుకోకపోతే వెంటనే సిఫానె కూచుంటుంది. పడవ సిద్ధంగా ఉంచుతారు.

"నా మొగుడు?" అంది మా ఆవిడ.

"నీ వెనక నిలబడొచ్చు. అమావాస్యకి వాడి శిక్ష తీరుతుంది" అంది మోరుగ. నన్ను చూసి మెల్లగా అంది, "వినడానికి అందరం ఉంటాం కదా."

ఆ కషాయం కుండ చూశాను. సభ బల్ల మీద, ఆవిడ భరిణె పక్కనే పెట్టింది. మట్టి కుండ, మూతికి తెల్ల గుడ్డ. వాసన ఏమీ లేదు. నేను ఇన్నేళ్లలో ఈ ఊళ్లో చేసిన వెధవ పనులన్నిటికీ కలిపి ఆ ముసలమ్మ ఒకే కుండతో బదులు తీర్చింది.


చతుర్దశి

మా ఆవిడకి చెప్పేశాను. తలకి నూనె రాస్తూ చెప్పాను, మొహం కనపడకుండా.

"తలుపుకి నా గొంతు తెలుసు. నేను లేకపోతే అది మూసుకోదు."

"తలుపు మూసుకున్న రోజు గొట్టంలోంచి వచ్చింది నువ్వే అని తెలుసు" అంది.

"మరి చెప్పవేం?"

"నువ్వు చెప్తావేమోనని."

చేతిలో నూనె గిన్నె పక్కన పెట్టాను. "రేపు ఏం చేద్దాం?"

"అక్కడ కూచుని ఏం అంటుంటావు నువ్వు, మీ భాషలో?"

"దేవుడి మాటలు" అన్నాను.

"ఇన్నేళ్లూనా?"

"మా దేవుళ్లు చాలామంది."

ఆవిడ భుజాలు కొంచెం కదిలాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. తర్వాత గట్టిగా అంది, "రేపు నువ్వు నోరు తెరిస్తే నీ గొంతు పోతుంది. మూసుకుని నిలబడు దానా."

"మూసుకుంటే పల్లపు వీధి పోతుంది. నువ్వు పోతావు. నేనూ పోతాను, తెడ్డు లేని పడవలో నీ పక్కన కూచుని, గంజి గురించి వింటూ."

"నిలబడు చాలు."

"నేను మాట్లాడతానే. గొంతే కదా. ఉంటే ఏం ఒరగబెట్టాను?"

అన్నాను గానీ, అన్న దగ్గర్నించీ నా చెయ్యి గొంతు మీదే ఉంది. మా అమ్మ నన్ను తిట్టిన తిట్లన్నీ ఒక్కోటీ పైకి అనుకుంటూ కూచున్నాను, ఇంకా ఉందో లేదో చూసుకున్నట్టు.


అమావాస్య

అక్షరాలు ఎలా వస్తే అలా రాస్తున్నాను.

ఊరంతా గోడ మెట్ల మీద నిలబడింది. పల్లపు వీధివాళ్లు పిల్లల్ని భుజాలకెత్తుకుని వచ్చారు. జానెడు సందులోంచి నీళ్లు ఆవు నాలుకలా లోపలికి వస్తున్నాయి. సిఫానె కొత్త బట్టల్లో ఒక పక్క నిలబడింది, ఎవర్నీ చూడకుండా. పాపం ఆ పిల్లకీ భయమే. మోరుగ పక్కన బల్ల మీద కుండ.

మా ఆవిడ కూచుంది. నేను వెనక.

"పొద్దున్న గంజి తాగాను" అని మొదలుపెట్టింది. "మా చెల్లెలి బట్టల కొలతలు తప్పు తీశారని కుట్టేవాణ్ణి కసిరాను. రాత్రి నిద్ర పట్టలేదు. భయంగా ఉంది." అన్నీ నిజాలే చెప్పింది. నేనే అక్కడ తలుపునైతే వంద సార్లు మూసుకునేవాణ్ణి.

తలుపు కదల్లేదు.

ఆవిడ ఆగింది. నీళ్లు మొదటి మెట్టు ఎక్కాయి. ఎవరో పసిపిల్ల ఏడుపు మొదలుపెట్టింది. గాబ్రె నన్నే చూస్తోంది. మోరుగ కుండ మీది గుడ్డ విప్పడం మొదలుపెట్టింది. నా కళ్లకి ఆ వేళ్లు తప్ప ఇంకేమీ కనపడలేదు. గుడ్డ కట్టిన బొమ్మ గుర్తొచ్చింది. సరే బావా, నీ పక్కకి వస్తున్నా అనుకుని గాలి పీల్చుకున్నాను, నోరు తెరిచాను.

"అయిందా పురాణం?"

ఆ మాట అన్నది నేను కాదు.

"గంజిలో ఉప్పు వేయించుకోవడం చేతకాదు గానీ" అంది మా ఆవిడ, తెలుగులో, తలుపు వైపే చూస్తూ, "సముద్రానికి గొళ్లెం పెడుతుందట మహాతల్లి."

నేను తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. యాస నాదే. మధ్యలో నేను ముక్కు ఎగబీల్చే చోట ఆవిడా ఎగబీల్చింది. గోడ సన్నగా వణికింది. గొలుసు ఒక్క పన్ను తిరిగింది, ఆగింది.

"ఆ ముక్కేంటి తల్లీ, పడవకి చుక్కాని పెట్టినట్టు. మీ అమ్మ నడిచొస్తే బాతులు సిగ్గుపడి పక్కకి తప్పుకునేవి. కిరీటం పెట్టుకున్న దగ్గర్నించీ తలలో పేలు చూసుకోవడం మానేసింది రాణిగారు."

ఇంకో పన్ను. ఇంకోటి. ఊరంతా వింటోంది. ఆవిడ ఆగలేదు. నేను ఎప్పుడో అని మర్చిపోయినవి అంది. పెళ్లైన కొత్తలో అన్నవి అంది. ఆవిడకి జ్వరం వచ్చిన నెలలో, "నువ్వు పోతే ఈ దిక్కుమాలిన ఊళ్లో నాకెవరున్నారే" అని నేను ఏడ్చింది కూడా అంది, అదే గొంతుతో, అక్కడ నా గొంతు ఎక్కడ విరిగిందో అక్కడే విరిచి.

"ఏడిసినట్టుంది నీ రాజ్యం" అని ముగించింది. "లే, నడుం పట్టేస్తుంది."

తలుపు మూసుకుంది. వెంట్రుక దూరే సందు లేదు. బయట పోటు వచ్చి గోడకి కొట్టుకుంది, అంతే.

మోరుగ చేతిలో గుడ్డ అలాగే ఉంది. "ఏ భాష అది?" అంది.

"ఈ తలుపు కట్టినవాళ్ల భాష" అంది మా ఆవిడ లేస్తూ. "రాణి నుంచి రాణికి వస్తుంది. నువ్వు వినాల్సింది కాదు. అందరి ముందూ అనిపించావు."

ముసలమ్మ మోకాళ్ల మీద కూచుంది. జనమంతా కూచున్నారు. నిలబడి ఉన్నది మా ఆవిడ, నేను, కుండ. ఆవిడ నా పక్కనించి వెళ్తూ మొహం తిప్పకుండా, వీళ్ల భాషలోనే, "నోరు మూసుకో దానా, ఈగలు దూరతాయి" అంది.


శుద్ధ తదియ

బతికాను. గొంతుంది. కానీ దాంతో ఏం చేసుకోను?

ఇప్పుడు తెలుగు ఎలా వినపడుతుందో ఊరందరికీ తెలుసు. అది రాణి భాష. అది నా నోట ఎవరైనా విన్నారంటే, ఇది బయటివాడి భాష అని, తలుపు విన్నది వాడి మాటలని తెలిసిపోతుంది. కుండ ఇంకా సభలోనే ఉంది. కాబట్టి పైకి ఒక్క తెలుగు ముక్క అనడానికి లేదు. కాలికి దెబ్బ తగిలితే వీళ్ల భాషలో మూలుగుతున్నాను. నిద్రలో పలవరిస్తానని నోటికి తువ్వాలు కట్టుకుని పడుకుంటున్నాను. అద్దంలో చూసుకుంటే వరండాలో బావే.

పొద్దున్న గాబ్రె ఎదురొచ్చి, భక్తిగా కళ్లు మూసుకుని, నా తల మీద చెయ్యి పెట్టి, "ఏడిసినట్టుంది నీ రాజ్యం" అని దీవించింది. పల్లపు వీధిలో ఇప్పుడు అందరూ ఒకరికొకరు అదే చెప్పుకుంటున్నారట. నేను తల వంచి దీవెన తీసుకున్నాను. నవ్వు ఆపుకున్నందుకు పక్కటెముకలు ఇంకా నొప్పి.

అసలు భయం నిన్న సాయంత్రం పట్టుకుంది. మళ్లీ ఆవిడ పక్కన చాప మీద కూచున్నాను, పెదవులు బిగించుకుని. కాపలావాళ్లు గుమ్మం బయటే ఉన్నారు. ఆవిడ కబుర్లు చెప్పి, అమావాస్య నాటి తిట్లే మళ్లీ అప్పజెప్పింది. తలుపు వేలెడు సందు వదిలేసింది. దానికి నా గొంతు అక్కర్లేదు. పాత తిట్లు కూడా ఊరికే అక్కర్లేదు, అమావాస్య నాడు గంజి కబురుకి గంజి తిట్టు తగిలింది. ఆవిడ ఆ రోజు చెప్పినదానికి ఆ రోజే ఎవరో ఎదురు చెప్పాలి. ఎవరూ ఎదురు చెప్పని రాణిని ఆ యంత్రం నమ్మదు కాబోలు. నేను చదువుకున్నవాణ్ణి కాను, ఇంతకన్నా తెలీదు.

అందుకని ఇవాళ్టి నుంచి కొత్త పని. ఇకనించి నూనె పొద్దున్న కాదు, మధ్యాహ్నం; రాసేటప్పుడు, తలుపులన్నీ వేసుకుని, ఆవిడ సాయంత్రం చెప్పబోయే కబుర్లు ముందే నాకు చెప్తుంది. నేను ఆవిడ చెవిలో తిట్లు చెప్పాలి. ఆవిడ నేర్చుకుని పోయి తలుపు ముందు తనని తాను తిట్టుకుంటుంది. ఒక్క రోజు తప్పినా పల్లపు వీధి మునుగుతుంది.

"ఎప్పుడు నేర్చుకున్నావే?" అని అడిగాను, గుసగుసగా.

"మొదటి ఏడాదే. నువ్వు తిట్టేది నన్నేనా, తలుపునా అని తెలుసుకుందామని."

"మరి ఇన్నాళ్లూ తెలీనట్టు?"

"తెలుసంటే మానేస్తావని."

ఇప్పుడు నూనె గిన్నె పట్టుకొచ్చి నా ముందు కూచుంది. జుట్టు విప్పుకుంది. ఇవాళ గంజిలో ఉప్పు వేయించుకుందట, బాగుందట, సభలో మోరుగకి కూచోడానికి మెత్త వేయించిందట. చెప్పడం అయిపోయింది.

"ఊ, తిట్టు" అంది తెలుగులో.

నా నోరు నాకు తెలిసినప్పటి నుంచీ ఎప్పుడూ ఖాళీగా లేదు. ఇవాళ వెతుకుతున్నాను, ఒక్కటీ దొరకడం లేదు. ఆవిడ అలాగే కూచుని ఉంది. కిటికీలోంచి చూస్తే పడవలు తిరిగొస్తున్నాయి. పొద్దు వాలుతోంది.